‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని రాసి ఇమ్మంటున్నారు, ఇవ్వాలా?

ప్రశ్న: ఒక పెద్ద ప్రైవేటు జీవిత బీమా కంపెనీలో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ప్రస్తుతం శాఖ మేనేజరును. రెండేళ్ల కిందట పై నాయకత్వం మారింది. కొత్తవాళ్లు మొదటి సమావేశంలోనే ‘ఒక్కరి ఉద్యోగం కూడా పోదు’ అన్నారు. తర్వాత పక్క శాఖలు రెండు మూతపడ్డాయి, టార్గెట్లు రెట్టింపయ్యాయి, నిరుటి ఇన్సెంటివ్ ఆగిపోయింది. ఏటా ప్రీమియం కట్టవలసిన పాలసీని ‘ఒక్కసారి కట్టే డిపాజిట్’ అని చెప్పి పెద్దవయసువాళ్లకు అమ్మించమని ఫోనులో ఒత్తిడి చేస్తారు. రాతలో ఏమీ ఉండదు. నేను ఒప్పుకోకపోవడంతో మొన్న హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి, ముందే టైపు చేసిన రాజీనామా లేఖ చేతిలో పెట్టారు. ఇంకా సంతకం చేయలేదు. నిరుడు రిటెన్షన్ బోనస్ (ఉద్యోగం వదిలి వెళ్లకుండా ఉండేందుకు ఇచ్చేది) ఇస్తూ ఏదో కాగితం మీద సంతకం తీసుకున్నారు, దాని ప్రతి నా దగ్గర లేదు. మాట తప్పిన నాయకత్వం మీద కేసు వేయవచ్చా? ఏడాదిపాటు పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు చెల్లుతుందా?

జవాబు: మొదటి ప్రశ్నకు నా జవాబు మీకు నచ్చదు. నాయకుల మీద నమ్మకం పోవడం దావాకు కారణం కాదు. మైకు ముందు అన్న మాట మీ నియామక పత్రంలోని నోటీసు షరతును చెరిపేయదు. ‘ఆ హామీ ఏ కాగితంలో ఉంది?’ అని న్యాయమూర్తి అడిగితే మన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. పదకొండేళ్లు ఇచ్చిన సంస్థ గురించి ఇలా చెప్పవలసి రావడం నాకూ ఇష్టం లేదు. కానీ ఆ కోపంతో కోర్టుకు వెళ్తే, కాగితం బలం ఉన్న మిగతా విషయాలు కూడా పలచబడిపోతాయి.

ఆ టైపు చేసిన లేఖ మీద సంతకం చేయకండి. రాజీనామా అంటే ఉద్యోగి తనంత తానుగా చేసే పని. బలవంతంగా రాయించుకున్నదాన్ని న్యాయస్థానాలు తొలగింపుగా చూస్తాయి గాని, బలవంతం జరిగిందని రుజువు చేయవలసిన బరువు మీ మీదే ఉంటుంది. తలుపు మూసిన గదిలో వాళ్లు ముగ్గురు, మీరు ఒక్కరు. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అన్న మాటను ఆ లేఖలో ఎవరూ ఊరికే పెట్టరు. రేపు మీరు ఏం చెప్పినా ఎదుటి వకీలు ఆ ఒక్క వాక్యం చదివి కూర్చుంటాడు. అందుకని ఈ రోజే మీ సొంత మెయిల్ నుంచి హెచ్‌ఆర్‌కు నాలుగు వాక్యాలు రాయండి: ఫలానా తేదీన, ఫలానా సమయానికి నన్ను పిలిచారు, ఈ లేఖ ఇచ్చారు, రాజీనామా చేసే ఉద్దేశం నాకు లేదు, నా విధుల్లో కొనసాగుతున్నాను. ఆరోపణలు, విశేషణాలు వద్దు.

ఇప్పటికే సంతకం చేసిన పాఠకులు ఎవరైనా ఉంటే వారికి ఒక మాట. రాబోయే ఒక తేదీ నుంచి అమలయ్యేలా ఇచ్చిన రాజీనామాను ఆ తేదీ రాకముందే వెనక్కు తీసుకోవచ్చని 1978లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో రాజీనామా చేసి మనసు మార్చుకున్నది ఒక హైకోర్టు న్యాయమూర్తే! సర్వీసు నిబంధనలు అడ్డురాకపోతే ఉద్యోగులకూ ఆ సూత్రమే వర్తిస్తుంది.

మీరు సంతకం చేయకపోతే వాళ్లే తొలగించవచ్చు. అప్పుడు మీకు దక్కేది మీరు చట్టం దృష్టిలో ‘కార్మికుడు’ అవునా కాదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. బీమా రంగంలో ఇది పాత తగువే. జీవిత బీమా సంస్థ డెవలప్‌మెంట్ ఆఫీసరు కార్మికుడేనని 1983లో సుప్రీంకోర్టు అంది. 1994లో మందుల కంపెనీ ప్రతినిధుల కేసు విన్న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తర్కాన్ని ఒప్పుకోలేదు. హోదా పేరు కన్నా రోజూ చేసే పనే ముఖ్యం. కానీ మీరు సెలవులు మంజూరు చేస్తారు, పనితీరు మదింపు రాస్తారు. కాబట్టి కార్మికుడినని వాదించడం కష్టం. కార్మికుడిగా పోరాడే ఆ దారి మూసుకుపోతే, ప్రైవేటు ఉద్యోగంలోకి తిరిగి తీసుకోమని సివిల్ కోర్టు సాధారణంగా ఆదేశించదు, పరిహారమే ఇస్తుంది. అది చాలాసార్లు నోటీసు కాలపు జీతం దగ్గరే ఆగిపోతుంది. ప్రభుత్వ రంగ బీమా సంస్థ అయితే హైకోర్టులో రిట్ వేసే వీలుండేది.

అసలు ప్రమాదం ఆ ఫోను మాటల్లో ఉంది. పదమూడో నెల పర్సిస్టెన్సీ, అంటే రెండో ఏడాది ప్రీమియం కూడా కట్టి కొనసాగే పాలసీల శాతం, ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనవసరం లేదు. ‘ఒక్కసారి కడితే చాలు’ అని నమ్మిన పెద్దాయన రెండో ఏడాది ప్రీమియం నోటీసు పట్టుకుని శాఖకు వస్తాడు. పాలసీ వివరాలు అర్థమయ్యాయా అని కంపెనీ అడిగే వెరిఫికేషన్ కాల్‌లో అన్నిటికీ ‘అవును’ అనమని ఆయనకు నేర్పింది ఎవరన్న విచారణ మొదలవుతుంది. ఫోను చేసినవాళ్ల పేరు ఫైలులో ఎక్కడా ఉండదు, శాఖ మేనేజరుగా మీ పేరు ఉంటుంది. అలాంటి ఫోను వచ్చిన ప్రతిసారీ అరగంటలోపు ఆఫీసు మెయిల్‌లో రాయండి: ‘మీరు ఇప్పుడు ఫోనులో ఇలా చెప్పారు. ఇది ఏటా కట్టవలసిన పాలసీ కాబట్టి అలా అమ్మడం కుదరదని నా అభిప్రాయం. మీ సూచన రాతలో ఇవ్వగలరు.’ రాతలో ఎవరూ ఇవ్వరు. కానీ మీరు అడిగిన మెయిల్ ఉంటుంది.

ఆ తర్వాత ఫిర్యాదు. షేరు మార్కెట్‌లో నమోదైన కంపెనీల్లో విజిల్ మెకానిజం అనే ఫిర్యాదు ఏర్పాటు ఉండాలని 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ చెబుతుంది. ఫిర్యాదు చేసినవారిని వేధించకుండా రక్షణ ఉండాలనీ, అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ చైర్మన్‌ను కలిసే వీలుండాలనీ అందులోనే ఉంది. బీమా కంపెనీల నుంచి బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా ఇలాంటి విధానాన్ని కోరుతుంది. అయితే ఐఆర్‌డీఏఐ మీ జీతం తగువు తీర్చదు, బీమా అంబుడ్స్‌మన్ ఉన్నది పాలసీదారుల ఫిర్యాదులు తీర్చడం కోసం. వాళ్ల దగ్గర మీ ఇన్సెంటివ్ ఊసెత్తితే అసలు విషయం పక్కకు పోతుంది. ఇంకొక జాగ్రత్త: రుజువుల కోసమని ఖాతాదారుల వివరాలు మీ సొంత మెయిల్‌కు పంపుకోకండి. ఆ ఒక్క పనితో మిమ్మల్నే నిందితుడిని చేస్తారు. ఏ నెల, ఏ ఉత్పత్తి, ఏ రికార్డు చూడాలో ఫిర్యాదులో చెబితే చాలు. ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో పెద్దల పేర్లు పెట్టి రాసినా పరువు నష్టం కేసుకు మీరే దారి చూపినట్టవుతుంది. అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో చేసిన ఫిర్యాదుకు చట్టం ఇచ్చే మినహాయింపు గ్రూపు సందేశానికి దొరకదు.

డబ్బు సంగతి త్వరగా చెబుతాను. ఉద్యోగం ఏ రకంగా ముగిసినా, రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన ఈ కోడ్ మేనేజర్లకూ వర్తిస్తుంది. అయిదేళ్లు దాటాయి కాబట్టి గ్రాట్యుటీ మీ హక్కు. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, తర్వాత సర్వీసు ఏళ్లతో హెచ్చించి లెక్క చూసుకోండి. ఇన్సెంటివ్ విషయంలో మాత్రం పథకం పత్రంలో ‘యాజమాన్య విచక్షణ మేరకు’ అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే పోరాటం కష్టం. లేకుండా, లెక్క తేలి ఉంటే మూడేళ్లలోపు దావా వేయవచ్చు.

పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు గురించి బెంగ వద్దు. ఉద్యోగంలో ఉన్నంతకాలం అది చెల్లుతుంది. వెళ్లిపోయాక మాత్రం 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. ఖాతాదారుల జాబితా వెంట తీసుకెళ్లడం వేరే సంగతి, దాన్ని కోర్టులు అడ్డుకుంటాయి.

మిగిలింది మీ దగ్గర ప్రతి లేని ఆ బోనస్ కాగితం. నా అనుమానమంతా దాని మీదే. ఇన్నేళ్లు ఉండకుండా వెళ్తే డబ్బు తిరిగి కట్టాలన్న షరతు, పోటీ నిషేధంలా కొట్టుకుపోదు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు మూడేళ్ల సర్వీసుకు పెట్టిన 2 లక్షల రూపాయల బాండును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇలాంటి కాగితాల్లో సాధారణంగా ‘ఉద్యోగి తనంత తానుగా వైదొలగితే’ అని ఉంటుంది. మీరు సంతకం చేస్తే బోనస్ వెనక్కు, వాళ్లే తొలగిస్తే అడగడానికి లేదు. రాజీనామా లేఖ అంత శ్రద్ధగా టైపు చేసి తెచ్చింది ఇందుకే కావచ్చు. హెచ్‌ఆర్‌కు రాసే మెయిల్‌లో అయిదో వాక్యంగా ఆ ఒప్పందం ప్రతి అడగండి. అది చేతికి వచ్చేదాకా వాళ్లు పిలిచే ఏ సమావేశంలోనూ దేని మీదా సంతకం పెట్టకండి.