పొద్దున ప్రార్థన చేసినా చిరాకు తగ్గట్లేదంటే

"పొద్దున అరగంట ప్రార్థన చేసుకునే బయల్దేరతాను. విజయవాడ బెంజ్ సర్కిల్ దాటేలోపే నోరు జారుతుంది. సాయంత్రం ఇంట్లో పిల్లల మీద అరుస్తాను. నా విశ్వాసంలోనే లోపం ఉందా?" అని ఒకరు అడిగారు.

లోపం విశ్వాసంలో లేదండి. ఆ అరగంటలో ఏం అడుగుతున్నారో ఒకసారి చూసుకోండి. సంఘం కోసం, బంధువుల జబ్బుల కోసం, పిల్లల చదువుల కోసం అడుగుతాం. గేటుకి అడ్డంగా బండి పెట్టే పైపోర్షన్ ఆయన, మోటారు వేసే టైముకి పోయే కరెంటు, వీటి ఊసే ఉండదు. ఇంత చిన్నవి దేవుడికి చెప్పడమేంటని వదిలేస్తాం. రోజంతా మనల్ని పడగొట్టేవి అవే.

ఒక వారం పాటు పడుకునే ముందు నాలుగు ముక్కలు రాయండి: టైము, చోటు, మనిషి, మీరన్న మాట. తిరిగి తిరిగి అవే రెండు మూడు సందర్భాలు వస్తున్నాయని తెలిసిపోతుంది. పొద్దున ప్రార్థనలో వాటినే పేరు పెట్టి చెప్పండి. "ఓర్పు దయచేయి ప్రభువా" అని ఊరుకోకుండా "ఎనిమిదిన్నరకి ఆ బండి అడ్డం ఉంటుంది, అప్పుడు నేననాల్సిన మాట ఇవ్వు" అని అడగండి. ముందే అనుకున్న మాట సమయానికి గుర్తొస్తుంది.

ఇక ఆ క్షణం సంగతి. బైబిల్లో నెహెమ్యా 2:4 చూడండి. పారసీక రాజుకి ద్రాక్షారసం అందించే యూదుడు నెహెమ్యా. ఏం కావాలని రాజు అడిగాడు, జవాబిచ్చేలోపు నెహెమ్యా ప్రార్థన చేశాడు. రాజు ఎదురుగా మోకాళ్లూనే వీలెక్కడిది? ఒక్క ఊపిరిలో అయిపోయే ప్రార్థన అది. మీకూ అలాంటిదొకటి కంఠతా ఉండాలి. కీర్తన 141:3 సరిగ్గా సరిపోతుంది: "యెహోవా, నా నోటికి కావలియుంచుము." ఊపిరి పీల్చుకుంటూ "యెహోవా", మెల్లగా వదులుతూ మిగతాది, మూడుసార్లు. బండి మీదైతే కళ్లు తెరిచే. కథోలికులైతే, బస్సు కదలకుండా ఆగిపోయినప్పుడు జపమాలలో పది పూసలు చెప్పుకోవచ్చు. చాలామంది అరిచేశాక మొదలుపెడతారు, అప్పటికది పశ్చాత్తాపమే అవుతుంది. హ్యాండిల్ మీద వేళ్లు బిగుసుకోవడం, పళ్లు కొరకడం, చెవులు వేడెక్కడం, వీటిలో మీకు ముందుగా వచ్చేది ఏదో గమనించి, అది రాగానే వాక్యం అందుకోండి.

ఒంటిని కూడా చూసుకోవాలి. చచ్చిపోతానన్న ఏలీయా ప్రవక్తకి దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని, పడుకుని, లేచి మళ్లీ తిన్నాకే హోరేబు కొండకి ప్రయాణం, దేవుడి మాట (1 రాజులు 19). మే నెల బెజవాడ ఎండలో, అన్నం మానేసి తిరిగొచ్చిన మనిషికి చిరాకు రావడం వింతేం కాదు. మజ్జిగ తాగి, పది నిమిషాలు ఫ్యాను కింద కూర్చున్నాకే పిల్లల మార్కుల సంగతి ఎత్తండి. ఉపవాసం ఉన్న రోజు పెద్ద వాదనలు పెట్టుకోకండి.

"విశ్వాసికి కోపం రాకూడదు" అనే మాట మన సంఘాల్లో చాలా ఇళ్లను బాధపెట్టింది. "కోపపడుడి గాని పాపము చేయకుడి" అని కదా ఎఫెసీ 4:26లో ఉంది. బయట నవ్వుతూ "ప్రైజ్ ది లార్డ్" అని మింగిన కోపం ఇంట్లో భార్య మీదో పిల్లల మీదో పడుతుంది. దాన్ని దేవుడి దగ్గర కక్కాలి, 13వ కీర్తనలో లాగా. ఆరే వచనాలు: మొదటి రెండింటిలో నిష్ఠూరం, తర్వాతి రెండింటిలో మనవి, చివరి రెండింటిలో నమ్మకం. తలుపేసుకుని మీ మాటల్లో, అదే వరసలో, పైకి చెప్పండి. నిష్ఠూరం దాటేసి నేరుగా స్తుతికి దూకితే లోపలి ఉక్రోషం అలాగే ఉండిపోతుంది.

అయితే అన్నీ ఓర్చుకోవాల్సినవి కావు. ఇల్లు ఖాళీ చేసినా ఓనరు అడ్వాన్సు ఇవ్వట్లేదు, జీతం ఆపేశారు, ఇలాంటివి అన్యాయాలు. నెహెమ్యా 5లో పేదల మొర విని ఆయనకి బాగా కోపమొచ్చింది, లోలోపల ఆలోచించుకున్నాడు, తర్వాత పెద్దలని నిలదీశాడు. మీరూ ప్రార్థన చేసి, కాగితం మీద రాసి అడగండి. మనిషితో గొడవైతే మత్తయి 18:15 ప్రకారం ముందు ఆ మనిషితోనే ఒంటరిగా మాట్లాడండి. "ప్రార్థన మనవి" పేరుతో వాళ్ల సంగతి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

పిల్లల మీద అరిచిన రోజు, కుటుంబ ప్రార్థనకి కూర్చునే ముందే "నేను అరిచాను, తప్పు నాది, క్షమించమ్మా" అనండి. అక్కడితో ఆపేయండి. "నువ్వు కూడా మాట వినాలి కదా" అని కలిపితే ఆ క్షమాపణ మళ్లీ తిట్టయిపోతుంది.

రెండు వారాలకి పైగా నిద్ర పట్టకపోయినా, చెయ్యి చేసుకునేదాకా వచ్చినా పాస్టర్ గారితో పాటు డాక్టరుకీ చెప్పండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416 నంబరుకి ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్)లో సైకియాట్రీ విభాగం కూడా ఉంది.