బాల్కనీలో ఒక్క కరివేపాకు కుండీ పెట్టి చూడండి

ఐదేళ్ల బాబు మట్టి ముట్టుకోడు, పురుగు కనిపిస్తే ఏడుస్తాడు, మూడో అంతస్తులో ఉంటూ వాడికి ప్రకృతిని ఎలా దగ్గర చేయాలి అని అడిగారు కదండీ. మాదీ బెంగళూరు అపార్ట్‌మెంటే. టెన్షన్ పడకండి. ఒక కరివేపాకు కుండీ తెచ్చి ఎండ తగిలేచోట పెట్టండి. పురుగుల మందు మాత్రం కొట్టొద్దు.

నిమ్మ సీతాకోకచిలుక లేత ఆకుల మీద ఆవగింజంత గుడ్లు పెడుతుంది. పుట్టిన పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పెరిగాక పచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు బయటికొస్తాయి, ఘాటు వాసన కూడా! మా పాపకూ పురుగంటే భయమే. ఆ కొమ్ములు చూసిన దగ్గర్నుంచి పొద్దున లేవగానే కుండీ దగ్గరికే పరుగు. ఆకులు తినేస్తుంది, పోనివ్వండి, పోపులోకి బజార్లో కొనుక్కోవచ్చు. ఈ రోజు ఎన్ని ఆకులు తిందో బాబునే లెక్కపెట్టమనండి, బొమ్మ గీయమనండి.

ఆదివారం పొద్దున్నే, రాయి వేడెక్కకముందే, మన బెంగళూరు లాల్‌బాగ్ తోటలోని రాతి కొండ మీద చెప్పుల్లేకుండా నడిపించండి. ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు, డైనోసార్ల కన్నా ఎంతో పాతది అని చెప్పండి. వాడి కళ్లు చూడాలి అప్పుడు.

మట్టి ముట్టుకోమని బలవంతం వద్దు. ముందు ఒక చెంచా ఇచ్చి మెంతులు చల్లించండి. మూడు నాలుగు రోజుల్లో మొలకలొస్తాయి, వాటిని తాకడానికి చెయ్యి తనే చాపుతాడు.