క్రైస్తవ కౌన్సెలింగ్ శిక్షణలో మొదట నేర్చుకునేది బైబిల్ వాక్యం చెప్పడమేనా?

కాదు, మొదట నేర్చుకోవాల్సింది వినడం. వాక్యం, ప్రార్థన, సలహా ఆ తర్వాతే. బాధేమిటో పూర్తిగా తెలియకుండా చెప్పిన మంచి మాట కూడా ఎదుటివారికి తీర్పులా తగులుతుంది. బైబిల్లో పిల్లల్ని, ఆస్తిని పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నంతసేపు ఓదార్పుగానే ఉన్నారు. తప్పంతా అతనిదే అన్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాకే గాయం పెద్దదైంది.

ఉదాహరణకు, ఒక బాలింత వచ్చి "ప్రార్థన కూడా చేయలేకపోతున్నానండీ" అందనుకోండి. "విశ్వాసం ఉంచమ్మా" అనేస్తే ఆమె ఇక నోరు విప్పదు. "ఎప్పటినుంచి ఇలా ఉందమ్మా? నిద్ర పడుతోందా? అన్నం తింటున్నావా?" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు, ఇంట్లో తినే దెబ్బలు కావచ్చు.

డిప్రెషన్ అంటే విశ్వాసం తగ్గడమని, మాత్రలు వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టేనని చాలామంది అనుకుంటారు. ఎంతో నష్టం చేసే అపోహ ఇది. బైబిల్లో చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు ఇచ్చింది రొట్టె, నీళ్లు, గద్దింపు కాదు. అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరకు పంపడం కౌన్సెలర్ పనిలో భాగమే.

విన్నవి గోప్యంగా ఉంచాలి, ప్రార్థన అంశంగా కూడా సంఘంలో చెప్పకూడదు. అయితే ప్రాణాపాయం ఉంటే మౌనం పనికిరాదు. పిల్లలపై లైంగిక నేరమైతే మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి.