ఎగిరే కొంగ మసకగా వస్తోందంటే

ఎగిరే కొంగ ఫొటోలన్నీ మసకగా వస్తున్నాయనీ, తెల్లని రెక్కలు సున్నం పూసినట్టు ఈకల జాడే లేకుండా పోతున్నాయనీ రాశారు. షట్టర్ వేగం (షట్టర్ తెరిచి ఉండే సమయం) 1/500 సెకను దగ్గర పెట్టానన్నారు కదా, మొదటి చిక్కు అదే. కూర్చున్న పక్షికి అది చాలు. రెక్కలాడించే పక్షికి 1/2000 పెట్టండి, వెలుతురు చాలకపోతే ఐఎస్ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని, 1600 దాకా పెంచండి. ఫొటోలో చుక్కలు చుక్కలుగా గరుకుదనం వచ్చినా తరువాత తగ్గించుకోవచ్చు, కదిలి మసకబారిన పక్షి కన్నును మాత్రం బాగుచేయలేం. ఫోకస్‌ను పక్షిని వదలకుండా వెంబడించే పద్ధతిలో ఉంచి, అది దూరంగా ఉండగానే కెమెరాను దానితో పాటు తిప్పుతూ రండి. బటన్ నొక్కాక కూడా ఆపకండి.

ఇక తెలుపు సంగతి. వెనుక ముదురు చెట్లుంటే కెమెరా ఆ చీకటిని చూసి చిత్రమంతటినీ వెలిగించేస్తుంది. ఎక్స్‌పోజర్ సవరణను (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే అమరికను) -1కి దించి చూడండి. అప్పుడు మెడ వంపులోని సన్నని నీడ కూడా దక్కుతుంది, ఆ నీడే కొంగకు అందం!

పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి. గాలి మీ వీపును తాకేలా నిలబడితే కొంగ మీ వైపే లేస్తుంది. గూళ్ల దగ్గర మాత్రం దయచేసి ఈ ప్రయత్నం వద్దు. తల్లి బెదిరి లేచిపోతే పిల్లలు ఎండకు తాళలేవు.