ఎటు? ఎంత?

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన రాతప్రతి మొన్న అందింది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల కోసం పూర్ణ సంఖ్యలు, అకరణీయ సంఖ్యలు (భిన్నాలుగా రాయగలిగేవి), పరమ మూల్యం మీద చిన్న పుస్తకం రాయాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. తెలుగులో పిల్లలకు కథలు రాసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. లెక్కలు కూడా చదివించేలా రాయొచ్చని నమ్మేవాళ్లే తక్కువ. అందుకే నీ ప్రతిని రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలాగే చదివాను. రెండోసారి ఏడో తరగతి పిల్లవాణ్ణి అనుకుని చదివాను. ఆ రెండోసారి ఎక్కడెక్కడ ఆగిపోయానో రాస్తున్నాను.

మొదటి పేజీలోనే నిర్వచనం పెట్టావు: 1, 2, 3 లాంటి ధన సంఖ్యలు, సున్నా, −1, −2, −3 లాంటి రుణ సంఖ్యలు కలిస్తే పూర్ణ సంఖ్యలు అని. అది తప్పేమీ కాదు. కానీ ఆ వాక్యం అవసరం పిల్లవాడికి ఇంకా రాలేదు. దాన్ని ఎనిమిదో పేజీకి జరుపు. మొదటి పేజీలో ఒక లిఫ్ట్ పెట్టు. షాపింగ్ మాల్ లిఫ్ట్‌లో బటన్లు చూడని పిల్లలు పట్నంలో ఇప్పుడు ఎవరూ లేరు. పల్లెటూరి పిల్లలకైతే బావి పెట్టు: గట్టు దగ్గర సున్నా, నీళ్లు కింద, మోటారు గది పైన. కింద రెండో అంతస్తు పార్కింగ్‌లో బండి పెట్టి మూడో అంతస్తుకు వెళ్లాలంటే లిఫ్ట్ ఎన్ని అంతస్తులు ఎక్కాలి అని అడుగు. చాలామంది ఆరు అంటారు. −2, −1, 0, 1, 2, 3 అని అంతస్తులను లెక్కపెడతారు కాబట్టి. కానీ లెక్కపెట్టాల్సింది అంతస్తుల మధ్య దూకిన గెంతులను. అవి ఐదు. 3 − (−2) = 5 అన్న సమీకరణాన్ని ఆ తర్వాత చూపించు. అప్పుడు దాన్ని బట్టీ పట్టాల్సిన పని ఉండదు, లిఫ్ట్‌లో వాడు ఎక్కిన దూరమే అది.

ఇక నేను అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాలనుకున్నది. రుణ సంఖ్య ఏదైనా రెండు ప్రశ్నలకు ఒకేసారి జవాబు చెబుతుంది: ఎటు? ఎంత? −7 అంటే సున్నాకు ఎడమ వైపు, ఏడు అడుగులు. పిల్లలు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండు ప్రశ్నలూ కలగలిసిపోవడం వల్ల వచ్చేవే. −7, −3లలో ఏది పెద్దది అని అడిగితే −7 అనే పిల్లవాడు తెలివితక్కువవాడు కాదు. మనం ‘సంఖ్యారేఖ మీద ఏది కుడి వైపు ఉంది’ అని అడిగాం, వాడు ‘ఎంత’ అన్నదానికి జవాబు చెప్పాడు. ఏడు మూడు కన్నా పెద్దదే కదా. నీ పుస్తకంలో ఇలాంటి చోట ‘ఇది తప్పు’ అని రాసి వదిలేశావు. అలా వదలకు. వాడు ఏ ప్రశ్నకు జవాబు చెప్పాడో వాడికే చూపించు.

పరమ మూల్యం అంటే ‘ఎటు’ను పక్కన పెట్టి ‘ఎంత’ మాత్రమే అడగడం. సున్నా నుంచి దూరం. దీని దగ్గర నాకు జరిగిన ఒక అనుభవం చెప్పాలి. చాలా ఏళ్ల కిందట పిల్లల కోసం రాసిన ఒక వ్యాసంలో ‘పరమ మూల్యం అంటే మైనస్ గుర్తు తీసేయడమే’ అని రాశాను. తేలిగ్గా అర్థమవుతుందనుకున్నాను. కొన్నాళ్లకు ఒక పాప ఉత్తరం రాసింది. |3 − 5|, అంటే 3 − 5 పరమ మూల్యం, ఎంత అన్న లెక్కకు 2 అని రాయాల్సింది తను 8 అని రాసిందట, టీచరు తప్పని కొట్టేశారట. మైనస్ తీసేయమని మీరే కదా రాశారు, తీసేస్తే 3 + 5 అవుతుంది కదా అని అడిగింది. ఆ పాప నా వాక్యాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ఆ ఉత్తరం చదివిన రోజు నాకు చాలా బాధ కలిగింది. ఆమె మార్కు పోవడానికి కారణం నా వాక్యమే. తేలికగా ఉండాలని మనం రాసే అడ్డదారి వాక్యం ఒక లెక్కలో పనిచేసి, పక్క లెక్కలో పిల్లను ముంచుతుంది. పై తరగతికి వెళ్లాక ‘రుణ సంఖ్య పరమ మూల్యం ఆ సంఖ్యకు ముందు మైనస్ పెట్టినదే’ అని కనిపించినప్పుడు కూడా ఇదే ఇబ్బంది. మైనస్ తీసేయాలన్నారు, ఇప్పుడు పెట్టమంటున్నారేమిటి అని పిల్లలు బెదిరిపోతారు. దూరం అని నేర్చుకున్న పిల్లలకు ఆ టెన్షన్ ఉండదు.

హైవే పక్కన కిలోమీటరు రాళ్లు ఉంటాయి కదా, వాటిని వాడుకో. 4వ రాయి దగ్గర టీకొట్టు ఉంది. ఆ కొట్టుకు సరిగ్గా 3 కిలోమీటర్ల దూరంలో ఇల్లున్న వాళ్లు ఏ రాళ్ల దగ్గర ఉంటారు? 1 దగ్గర, 7 దగ్గర. ఒక సంఖ్యకూ 4కూ తేడా పరమ మూల్యం 3 అయితే ఆ సంఖ్య ఏది అన్న ప్రశ్నకు రెండు జవాబులు ఎందుకొస్తాయో ఈ రోడ్డే చెప్పేస్తుంది. పరమ మూల్యం −5 అయ్యే సంఖ్య ఏది అని కూడా ఒకసారి అడుగు. మైనస్ ఐదు కిలోమీటర్ల దూరంలో ఎవరి ఇల్లూ ఉండదని పిల్లలే చెప్తారు, నవ్వుతూ చెప్తారు. ఆ రెండు నిలువు గీతల గుర్తును 1841లో వాడుకలోకి తెచ్చింది జర్మన్ గణిత శాస్త్రవేత్త వయర్‌స్ట్రాస్ అని ఒక్క వాక్యంలో రాయి, చాలు. గుర్తులు ఆకాశం నుంచి ఊడిపడలేదని, ఎవరో ఒక మనిషి పెట్టినవని పిల్లలకు తెలియడం మంచిది.

గుణకారం దగ్గర నీ ప్రతి బాగా తడబడింది. ‘మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, అంతే, గుర్తుపెట్టుకోండి’ అని రాశావు. ఈ మంత్రం చేసే హాని నీకు తెలుసా? అది పిల్లల నోట్లో ‘మైనస్ మైనస్ ప్లస్’గా కుదించుకుపోతుంది. ఆ తర్వాత −3 − 4 చూడగానే +7 అని రాసేస్తారు. నేను చూసిన నోటు పుస్తకాల్లో ఇంతగా కనిపించిన తప్పు మరొకటి లేదు.

ఇక్కడ మన భాష మనకు పెద్ద సాయం చేస్తుంది. ధనం, రుణం అన్న మాటలు ఈనాటి పాఠ్యపుస్తకాల వాళ్లు పుట్టించినవి కావు. క్రీ.శ. 628లో భిల్లమాల వాసి బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’లో ధనం, రుణం, శూన్యాలతో కూడికలు, తీసివేతలు, గుణకారాలు ఎలా చేయాలో నియమాలు రాశాడు. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం అన్న నియమమూ అందులో ఉంది. ఆ ఊరు ఇప్పుడు రాజస్థాన్‌లోని భీన్మాల్. అప్పు అన్న అర్థం ఉన్న మాటతోనే మన పిల్లలు ఇవాళ్టికీ లెక్కలు చేస్తున్నారు. కానీ పాఠంలో ‘రుణ సంఖ్య’, ఇంట్లో ‘అప్పు’, ఈ రెండూ ఒకటేనని ఎవరూ చెప్పరు. నువ్వు చెప్పు.

అయితే ఒక చిక్కుంది. అప్పును అప్పుతో గుణిస్తే ఆస్తి ఎలా వస్తుంది అని చురుకైన పిల్ల తప్పకుండా అడుగుతుంది. అడగాలి కూడా. జవాబు ఏమిటంటే, అప్పును అప్పుతో ఎవరూ గుణించరు. గుణకారంలో ఒక సంఖ్య వస్తువు, ఇంకొకటి ‘ఎన్నిసార్లు’ అన్న లెక్క. ఊళ్లో అందరికీ తెలిసిన రుణమాఫీనే తీసుకో. రైతుకు ఒక్కొక్కటి యాభై వేల చొప్పున అప్పులున్నాయి. వాటిలో రెండు మాఫీ అయ్యాయి. అప్పు −50,000. రెండింటిని తీసేశారు కాబట్టి −2 సార్లు. (−2) × (−50,000) = +1,00,000. రైతు చేతికి నోట్లు రాలేదు, అయినా పరిస్థితి లక్ష రూపాయలు మెరుగైంది. ఈ ఉదాహరణలో రెండు మైనస్‌లకూ వేర్వేరు పనులున్నాయి చూడు. ఒకటి అప్పు, ఇంకొకటి తీసేయడం. అది పిల్లలకు కనిపిస్తే చాలు.

ఇంకొకటి కూడా పెట్టు, ఒకే ఉదాహరణ మీద మొత్తం బరువు వేయకూడదు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఎండాకాలంలో మట్టం రోజుకు అర అడుగు చొప్పున తగ్గుతోందనుకుందాం. ఇవాళ 560 ఉంది. నాలుగు రోజుల కిందట ఎంత ఉండేది? రోజుకు మార్పు −1/2, వెనక్కి వెళ్లాం కాబట్టి −4 రోజులు. రెండింటినీ గుణిస్తే +2. అంటే 562. పూర్ణ సంఖ్యల నుంచి అకరణీయ సంఖ్యల్లోకి ఏ హడావుడీ లేకుండా అడుగుపెట్టేశావు కూడా. కొత్త అధ్యాయం మొదలైందని పిల్లవాడికి తెలియకుండానే మొదలవడం నాకు ఇష్టం.

అప్పుల ఉదాహరణతో ఇంకో జాగ్రత్త కూడా ఉండాలి. రుణం అంటే చెడ్డది అన్న భావం పిల్లల్లో నాటుకుపోతుంది. ఏది ప్లస్, ఏది మైనస్ అన్నది మనుషులు కుదుర్చుకున్న ఏర్పాటు మాత్రమే. ప్రాచీన చైనాలో లెక్కల పుల్లలు వాడేవారు. ధన సంఖ్యలకు ఎర్ర పుల్లలు, రుణ సంఖ్యలకు నల్ల పుల్లలు. స్వీడన్ శాస్త్రవేత్త సెల్సియస్ 1742లో తన ఉష్ణోగ్రత కొలమానం తయారుచేసినప్పుడు నీళ్లు మరిగే చోట 0, గడ్డకట్టే చోట 100 పెట్టాడు. తర్వాతే దాన్ని తిరగేశారు. ఆయన పెట్టినట్టే ఉండిపోతే లంబసింగి చలి మనకు వంద దగ్గర ఉండేది! ఈ సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పు.

అకరణీయ సంఖ్యలకు నువ్వు పిజ్జా ముక్కలు తెచ్చావు. పిజ్జా ముక్క ఎప్పుడూ రుణం కాదు, కాబట్టి అది భిన్నాల దగ్గరే ఆగిపోతుంది. క్రికెట్ తీసుకురా. నెట్ రన్‌రేట్ కన్నా మంచి అకరణీయ సంఖ్య నాకు కనిపించలేదు. ఒక జట్టు ఓవరుకు కొట్టిన పరుగుల్లోంచి ఎదుటి జట్టు ఓవరుకు కొట్టినవి తీసేస్తే వచ్చేదే అది. ఒక జట్టు 20 ఓవర్లలో 160 కొట్టింది. ఎదుటి జట్టు 18.3 ఓవర్లలో 161 కొట్టి గెలిచింది. ఓడిన జట్టు రన్‌రేట్ తేడా ఎంత? ఇక్కడే ఉంది అసలు మలుపు. 18.3 ఓవర్లలో ఆ .3 దశాంశం కాదు, ఓవరుకు ఆరు బంతుల్లో మూడు. అంటే పద్దెనిమిదిన్నర ఓవర్లు. 161ని 18.3తో భాగించిన పిల్లవాడికి −0.798 వస్తుంది, టీవీలో అది కనిపించదు. ఎందుకు కలవడం లేదో వాణ్ణే వెతకనివ్వు. ఒక రోజు పట్టినా ఫరవాలేదు. సరిగ్గా చేస్తే 8 − 322/37 వస్తుంది, అంటే −26/37. దాన్ని దశాంశంగా రాస్తే −0.702702702... అని 702 మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. టీవీ వాళ్లు −0.703 అని సవరించి వేస్తారు. లవం, హారం, రుణం, ఆవర్తన దశాంశం, సవరించడం అన్నీ ఒక్క మ్యాచ్‌లో ఉన్నాయి.

ఇంకో విషయం గమనించు. తరగతిలో −7 పెద్దది అన్న పిల్లవాడే పాయింట్ల పట్టిక చూసి −0.703 ఉన్న జట్టు కన్నా −0.25 ఉన్న జట్టు పైన ఉంటుందని తడుముకోకుండా చెప్తాడు. వాడికి ఆ జ్ఞానం ముందే ఉంది. దాన్ని నోటు పుస్తకంలోకి నడిపించే దారి వేయడం నీ పని.

మాటల సంగతి కూడా కాస్త రాయాలి. అకరణీయ అన్న మాటలో ముందున్న ‘అ’ చూసి అదేదో వింత సంఖ్య అనుకుంటారు పిల్లలు. నిజానికి వాళ్లకు బాగా తెలిసిన భిన్నాలు అవే, వింతవి కరణీయ సంఖ్యలు. కరణి అన్నది యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథాలైన శుల్బసూత్రాల నాటి మాట. రెండు రెట్ల వైశాల్యం ఉన్న చతురస్రానికి భుజమయ్యే తాడును ద్వికరణి అన్నారు, మనం ఇప్పుడు వర్గమూలం రెండు అంటున్నది అదే. అలాంటి మూలాల అవసరం లేనివి అకరణీయాలు. ఈ నాలుగు వాక్యాలు ఒక చిన్న పెట్టెలో వేయి. ఇప్పటి పిల్లలు బడిలో ఇంటీజర్స్, రేషనల్ నంబర్స్ అనే అంటారు కాబట్టి రెండు మాటలూ పక్కపక్కనే వాడు. ఏదో ఒక మాటను తరిమేయాలన్న పట్టుదల వద్దు.

హారం సున్నా ఎందుకు కాకూడదో నువ్వు బాగానే రాశావు. ఒక్కటి చేర్చు. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అని బ్రహ్మగుప్తుడే రాశాడు, అది నిలవలేదు. సున్నాతో గుణిస్తే సున్నా వచ్చే సంఖ్య ఏది అని అడిగితే ఏ సంఖ్య అయినా సరిపోతుంది కదా, మరి ఒక్కదాన్ని ఎలా ఎంచుకుంటాం? అంతటివాడు కూడా ఇక్కడ పొరపడ్డాడని తెలిస్తే పిల్లలకు తమ తప్పుల మీద భయం కొంత తగ్గుతుంది.

అభ్యాసాల్లో సగం తీసెయ్. ఒకే మూసలో ఇరవై లెక్కల బదులు, ఎవరో తప్పుగా చేసిన లెక్క ఒకటి ఇచ్చి, ఆ పిల్ల ఏమనుకుని అలా చేసి ఉంటుందో రాయమని అడుగు. |3 − 5| = 8 అని రాసిన పాపను అందులో పెట్టు. పేరు మాత్రం వద్దు.

ప్రతిని తిరగరాశాక అచ్చుకు ఇచ్చే ముందు ఏడో తరగతి పిల్ల ఒకరి దగ్గర కూర్చుని పైకి చదివించు. నువ్వు మాట్లాడకు. ఆమె ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదివిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో. ఆ గీతలతో ఉన్న కాగితాలే నాకు పంపు, శుభ్రమైన ప్రతి వద్దు. దసరా సెలవుల్లో నేను ఇంట్లోనే ఉంటాను. లిఫ్ట్ బొమ్మ నువ్వే గీస్తానన్నావు కదా, అందులో సున్నా ఏ అంతస్తు దగ్గర పెడతావో ముందు అది చూడాలని ఉంది.

నీ మేలు కోరే
పెద్దనాన్న