జాయిన్ చేస్తే ఒకే బిల్లు రెండు మూడు సార్లు వస్తుంటే

మీరు అడిగింది ఇది: డేటాబేస్‌లో బిల్లుల పట్టికను రైతుల పట్టికతో, మండలాల పట్టికతో, ఫోను నంబర్ల పట్టికతో జాయిన్ చేశారు, అంటే ఒకే కోడ్ ఉన్న వరుసలను పక్కపక్కన కలిపారు. ఒక్కో బిల్లు రెండు మూడు వరుసలుగా వస్తోంది. ఏదో ఒక గడి తప్ప మిగతాదంతా ఒకటే. ఒకేలా ఉన్న వరుసల్లో ఒక్కదాన్నే ఉంచే డిస్టింక్ట్ పెట్టినా పోవడం లేదు.

పోదు. డిస్టింక్ట్ వరుస మొత్తాన్ని చూస్తుంది. ఒక్క గడిలో తేడా ఉన్నా దాని లెక్కలో అవి రెండు వేర్వేరు వరుసలే. మొదటి కాలమ్ పేరుకు బ్రాకెట్లు పెడితే ఆ కాలమ్ ఒక్కదానికే వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు, నేనూ చాలాకాలం అనుకున్నాను. ఆ బ్రాకెట్లు అలంకారానికే.

2022లో నేను కావలిలో ఒక రొయ్యల మేత దుకాణానికి లెక్కల ప్రోగ్రాం చూసేవాణ్ణి. ఆ ఏడాది ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. కందుకూరు, ఉలవపాడు, గుడ్లూరు, లింగసముద్రం, వలేటివారిపాలెం మండలాలు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి విడిపోయిన కందుకూరే ఇది. యాభై రెండేళ్లకు పుట్టింటికి వచ్చిందని దుకాణంలో పెద్దవాళ్లు నవ్వుకున్నారు. నాకు మాత్రం పని పెరిగింది. పాత బిల్లుల మీద ప్రకాశం అనే ఉండాలి కదా అని మండలాల పట్టికలో పాత వరుసలను అలాగే ఉంచి, ఆ ఐదు మండలాలకూ నెల్లూరు పేరుతో కొత్త వరుసలు చేర్చాను. జాయిన్ షరతు మాత్రం మారలేదు, మండలం కోడ్ ఒక్కటే. దాంతో ఆ ఐదు మండలాల వాళ్ల ప్రతి బిల్లూ ప్రకాశం పేరుతో ఒకసారి, నెల్లూరు పేరుతో ఒకసారి రావడం మొదలైంది.

ఇది నేను కనిపెట్టలేదు. బాకీ చీటీ అందుకున్న ఉలవపాడు పెద్దాయన ఒకరు కనిపెట్టారు. "బాబూ, నేను వేసింది ఒక్క చెరువే. బాకీ రెండు చెరువులకు రాశారే" అన్నారు.

సిగ్గుపడి, కంగారులో అందరూ చేసే పనే చేశాను. జిల్లా కాలమ్ తీసేసి డిస్టింక్ట్ పెట్టాను. బాకీలు సరిపోయాయి, పెద్దాయన వెళ్లిపోయారు. కొన్నాళ్లకు గోడౌన్‌లో సరుకు లెక్క తేలలేదు. ఒక రైతు పొద్దున పది బస్తాలు, సాయంత్రం పది బస్తాలు అదే రకం మేత తీసుకెళ్లాడు. పద్దులో పదే పడ్డాయి. నా క్వెరీలో, అంటే డేటాబేస్‌ను అడిగిన ప్రశ్నలో, బిల్లు నంబరు లేదు. రైతు, తేదీ, మేత రకం, బస్తాలు, సొమ్ము, అంతే. రెండు బిల్లులూ అచ్చు ఒకేలా కనిపించేసరికి డిస్టింక్ట్ ఒకదాన్ని మింగేసింది. మొదటి తప్పు రైతు నెత్తిన పడింది, దాన్ని దిద్దబోయి చేసిన రెండోది యజమాని నెత్తిన పడింది.

అందుకే అడుగుతున్నాను: వరుసలు తగ్గించే ముందు అవి ఎక్కడ పెరిగాయో చూశారా? బిల్లుల పట్టిక ఒక్కదాన్నే తీసుకుని కౌంట్ చూడండి. ఒక్కో జాయిన్ చేర్చుతూ మళ్లీ కౌంట్ చూడండి. ఏ పట్టిక దగ్గర సంఖ్య ఎగబాకిందో చిక్కు అక్కడే. ఆ పట్టికను జాయిన్ కాలమ్ మీద గ్రూప్ చేసి, హ్యావింగ్‌తో ఒకటి కంటే ఎక్కువసార్లు వచ్చినవి అడగండి. నాకు ఆ ఐదు మండలాలే వరుసగా వచ్చి నిలబడ్డాయి.

నా విషయంలో రెండు వరుసలూ నిజమే. షరతే సగం. మండలాల పట్టికకు 'ఎప్పటి నుంచి', 'ఎప్పటి వరకు' అనే రెండు తేదీ కాలమ్‌లు చేర్చి, బిల్లు తేదీ ఆ రెండింటి మధ్య ఉండాలని జాయిన్‌లో రాశాను. మార్చి బిల్లు మీద ప్రకాశం, మే బిల్లు మీద నెల్లూరు, ఏ బిల్లయినా ఒక్కసారే. డిస్టింక్ట్ తీసేశాను.

ఫోను నంబర్ల సంగతి వేరు. ఒక రైతుకు రెండు నంబర్లు ఉండటం తప్పేమీ కాదు, షరతు బిగించి ప్రయోజనం లేదు. ఏ నంబరు కావాలో మీరే తేల్చాలి. చివరగా నమోదైనది అనుకుందాం. రైతు కోడ్ మీద పార్టిషన్ (రైతువారీ విభజన), నమోదు తేదీ మీద అవరోహణ క్రమం పెట్టి రో నంబర్ (వరుస సంఖ్య) ఇవ్వండి. దాన్ని లోపలి క్వెరీగా చేసి, బయట రో నంబర్ ఒకటి ఉన్న వరుసనే తీసుకోండి. అదే స్థాయిలోని వేర్ (వరుసలను వడకట్టే) షరతులో రో నంబర్ పనిచేయదు, ఇక్కడే చాలామంది ఆగిపోతారు. తేదీలు సమానమైతే ఈ రోజు ఒక నంబరు, రేపు ఇంకో నంబరు రావచ్చు. అందుకని క్రమంలో చివర ఐడీ కూడా చేర్చండి. మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే డిస్టింక్ట్ ఆన్ ఇదే పని తక్కువ మాటల్లో చేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో రో నంబర్ కావాలంటే 8.0 వెర్షన్ గానీ ఆ తర్వాతిది గానీ ఉండాలి.

గ్రూప్ బై పెట్టి ప్రతి కాలమ్‌కూ మ్యాక్స్ (అన్నిటికంటే పెద్ద విలువ) తగిలించే చిట్కా నాకు నచ్చదు. పెద్ద నంబరు ఒక వరుస నుంచి, పెద్ద తేదీ ఇంకో వరుస నుంచి వచ్చి, ఎక్కడా లేని మూడో వరుస తయారవుతుంది. చూడటానికి శుభ్రంగా ఉంటుంది కాబట్టి దొరకదు కూడా.

మీరు చెరువులను కూడా కలపబోతున్నట్టయితే ఇంకో మాట. మూడు చెరువులు, రెండు ఫోన్లు ఉన్న రైతుకు ఆరు వరుసలు వస్తాయి. దాని మీద మేత మొత్తం కూడితే ఫోన్లు ఉన్నన్ని రెట్లు పెరుగుతుంది. చెరువుల లెక్కను ముందు రైతువారీగా కూడేసి, ఒక్కో రైతుకు ఒక్క వరుస చేసుకున్నాకే జాయిన్ చేయండి. ఫోను ఉందా లేదా అని మాత్రమే తెలియాలంటే జాయిన్ ఎందుకు, వరుస ఉందో లేదో మాత్రమే చూసే ఎగ్జిస్ట్స్ చాలు.

మండలం పేర్లు తెలుగులో టైప్ చేసి, ఆ పేర్ల మీదే జాయిన్ చేస్తున్నారేమో కూడా చూసుకోండి. వలేటివారిపాలెం, వోలేటివారిపాలెం రెండూ రాస్తారు. అది కంటికైనా కనిపిస్తుంది. పొల్లు తర్వాత వచ్చే కనిపించని విడదీత అక్షరం ఒక వరుసలో ఉండి ఇంకో వరుసలో లేకపోతే, పేర్లు అచ్చు ఒకేలా ఉన్నా డేటాబేస్‌కు వేరుగా తోచవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో లెంగ్త్, పోస్ట్‌గ్రెస్‌లో ఆక్టెట్ లెంగ్త్ బైట్ల లెక్క చెబుతాయి, తేడా అక్కడ బయటపడుతుంది. నేను పేర్ల మీద జాయిన్ చేయడం మానేశాను, కోడ్‌తోనే చేస్తాను. మీ మండలాల పట్టికలో కోడ్ ఉందా, ఒక్కో కోడ్‌కు ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కపెట్టి ఇక్కడ రాయండి, మిగతాది చూద్దాం.