సందేహాలు – సమాధానాలు: మచ్చు చూసి అచ్చు

సందేహం: అయ్యా, మాది అనంతపురం. సాఫ్ట్‌వేర్ పని. ఎక్స్ఎంఎల్ ఫైలు (ప్రతి సంగతికీ పేరు గుర్తు తగిలించి అక్షరాల్లో రాసిన డేటా) ఒకటి టూలుకు ఇస్తే, అది చదివి ప్రోగ్రాముకు కావలసిన క్లాసులు, అంటే డేటాలో ఏది ఎక్కడ ఉండాలో చెప్పే చట్రాలు, దానంతటదే రాసిపెడుతుంది. ఎక్కడ అంకె, ఎక్కడ తేదీ, ఎక్కడ ఉత్త మాట అన్న టైపులు కూడా అదే తేలుస్తుంది. కొత్తగా చేరినవాళ్ల కోసం దీని మీద తెలుగులో నాలుగు పేజీలు రాస్తున్నాను. తయారయ్యే క్లాసును ‘నమూనా’ అన్నాను. మిత్రుడు ‘మూస’ అనమన్నాడు. మా పెద్దాయన ‘స్వయంచాలిత దత్తాంశ ప్రతిరూపం’ అని దిద్దారు. ఏది సరి?

సమాధానం: మీ పెద్దాయన దిద్దుబాటును ముందు తీసేయండి. ‘డేటా అయిపోయింది, రీచార్జి చేయించు’ అని అవ్వలు కూడా అంటున్న కాలంలో ‘దత్తాంశం’ ఎవరి కోసం? కొత్త పిల్లలు దాన్ని మనసులో ఇంగ్లీషులోకి మార్చుకున్నాకే ముందుకు కదలగలరు.

‘నమూనా’ పారసీ మాట. మంచిదే, కానీ టూలుకు మీరిచ్చే ఫైలే నమూనా కదా. దాన్ని చూసి పుట్టిందీ నమూనానే అంటే చదివేవాడికి తికమక. ‘మూస’ సంస్కృతంలో ‘మూషా’. ప్రొద్దుటూరులో ఏ కంసాలిని అడిగినా బంగారం కరిగించే మట్టిపాత్రను చూపిస్తాడు. పోత పోసే అచ్చు అనే అర్థమూ దానికి ఉంది, కాదనను. అయితే ‘మూస కథ’, ‘మూస సినిమా’ అని పత్రికలవాళ్లు దాన్ని తిట్టుగా మార్చేశారు. ఒక పనివాడి పనిముట్టును ఇట్లా చెడగొట్టడం నాకు బాధగా ఉంటుంది.

నా ఓటు ‘అచ్చు’కు. తమిళ, కన్నడాల్లోనూ ఇది అచ్చే. బెల్లం పోసేది అచ్చు, పుస్తకం వేసేది అచ్చు. దేవుడి పేర ముద్ర కాల్చి వదిలితే అది అచ్చోసిన ఆంబోతు. వీటన్నిటిలో ఉన్నది ఒకటే, ఒత్తితే పడే గుర్తు. ఇప్పుడు మీ ‘టైపు’ సంగతి చూడండి. దాని మూలం గ్రీకు ‘టూపోస్’, అర్థం దెబ్బ, ఆ దెబ్బకు పడిన ముద్ర. సముద్రాల అవతలి మాటా మన మాటా ఒకే పనిలోంచి ఒకే అర్థానికి వచ్చాయి. ఇంత దగ్గర జోడీ ఉండగా కొత్త సమాసాలు కట్టడం దేనికి?

ఇంకో అచ్చు ధర్మవరం మగ్గం మీద ఉంది. పడుగు పోగులు దూరే దువ్వెనలాంటి చట్రం అది. కొన్నిచోట్ల పన్నె అంటారు. పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొసలను అచ్చులోంచి లాగేయరు. వేళ్లకు బూడిద అద్దుకుని, కొత్త పోగును పాత పోగు కొసకు మెలిపెడుతూ పోతారు. దీన్నే అచ్చు అతకడం అంటారు. నేను పక్కన కూర్చుని చూశాను. ఒక్క పోగు పక్క సందులోకి పోతే ఆ చీర పొడుగునా గీత కనబడుతుంది. మీ క్లాసు చేసే పనీ ఇదే, ఏ పోగు ఏ సందులో ఉండాలో పట్టి ఉంచడం.

(‘అచ్చులు, హల్లులు’లోని అచ్చు వేరు. అది స్వరాలన్నిటికీ కలిపి పాణిని వ్యాకరణంలో వాడిన పొట్టి పేరు, ప్రత్యాహారం. ‘అచ్చ తెలుగు’లోది సంస్కృత ‘అచ్ఛ’. ‘అచ్చిరావడం’ ఇంకొకటి.)

మరి టూలుకిచ్చే ఫైలుకు? ‘మచ్చు’. బియ్యం మూటలోంచి పిడికెడు తీసి చూస్తామే, అది. మచ్చు చూసి అచ్చు తయారు చేయడం, అంతే మీ పని. కానీ పిడికెడు చూసి మూటంతా ఇంతేననుకుంటే దెబ్బతింటామని ఆ పేజీల్లో తప్పక రాయండి. అనంతపురం ఎస్టీడీ కోడు 08554. టూలు దాన్ని అంకె అనుకుంటే ముందు సున్నా ఎగిరిపోయి 8554 మిగులుతుంది. మచ్చులో పొలం సర్వే నెంబర్లన్నీ 214, 215 అని ఉంటే అంకె టైపు ఇస్తుంది. మరునాడు 214/2 వస్తే ఆగిపోతుంది. మచ్చులోని రేషన్ కార్డులో ఒక్క మనిషే ఉంటే, ఇంటికి ఒక్కరే అనుకుంటుంది. ఉప్పూ కప్పురమూ చూడ్డానికి ఒకటేనని వేమన అన్నది వీటికీ సరిపోతుంది. ఎక్స్ఎంఎల్‌లో అన్నీ అక్షరాలే, రుచి మనం చెప్పాలి. ఆ చెప్పడానికే 2001లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ, ఎక్స్ఎంఎల్ స్కీమాను, అంటే ఏది అంకె, ఏది మాట అని ముందే రాసిపెట్టే పద్ధతిని, ప్రమాణంగా ఇచ్చింది. ఎక్స్‌జేసీ లాంటి టూళ్లు ఆ స్కీమాను చదివి జావా క్లాసులు రాస్తాయి. స్కీమా ఉంటే మచ్చు జోలికి పోకండి.

‘క్లాసు’ను పూర్తిగా తీసేయమని మాత్రం నేను చెప్పను. మొదటిసారి ‘క్లాసు, అంటే అచ్చు’ అని రాసి, తర్వాత అచ్చు అని వాడి చూడండి. ప్రింటింగు అనుకుని పిల్లలు తడబడితే క్లాసు అనే ఉంచండి. వాడేవాళ్ల నోటికి ఎక్కని మాటను నేను పట్టుబట్టి నిలబెట్టలేను. ‘టైపు’ కూడా ఉండనీయండి.

ఒక్కదానికి మాత్రం ఒప్పుకోను. మీ ఉత్తరంలో ‘దానంతటదే రాసిపెడుతుంది’ అని చక్కగా రాశారు. జతచేసిన పేజీలో అదే సంగతి ‘క్లాసులు స్వయంచాలకంగా ఉత్పత్తి చేయబడును’ అయింది. ఉత్తరంలోని వాక్యాన్నే పేజీలోనూ పెట్టండి.